ఏడో ప్రశ్న

కిందటి వారం మనం వాళ్ళని వదిలి వచ్చిన చోటు ఆసుపత్రి మూడో అంతస్తులో, గుండె వార్డు ముందున్న పొడవాటి వరండా. సిటీ బస్సు నడిపే డ్రైవరుకి ఐదు వారాలుగా వస్తూ పోతూ ఉన్న జ్వరం ఉత్త జ్వరం కాదని, కంటికి కనపడని రోగపు పురుగు గుండె లోపలే చేరిందని ఆ ఉదయమే తేలింది. ఆయన భార్య అదే ఆసుపత్రిలో, కింది అంతస్తు ఎండోస్కోపీ గదికి పద్దెనిమిదేళ్ళుగా సిస్టర్. ఏడు వారాల క్రితం ఆయన పెద్దపేగులోకి గొట్టం పంపి, మొటిమంత కండ ఒకటి కత్తిరించి తీసింది కూడా ఆ గదిలోనే. గుండె డాక్టరమ్మ సిస్టర్‌ని ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది. అక్కడ ఆగాం.

ఆ తలుపు వెనక జరిగింది పది నిమిషాల మాట.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. నలుపూ తెలుపుల్లో గుండె కొట్టుకుంటోంది. వాల్వు రెండు రెక్కలూ తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక రెక్క చివర చిన్న పేలిక ఒకటి వేలాడుతూ ఊగుతోంది, గాలికి కిటికీ చువ్వకి చిక్కుకున్న తడిగుడ్డలాగ. సిస్టర్ ఇన్నేళ్ళలో ఎందరి కడుపుల్లోనో ఏవేవో చూసింది. ఏదీ ఇంత భయపెట్టలేదు. ఆ పేలిక ఊడితే ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. రక్తంతో పాటు ఎటైనా పోతుంది. తలలోకైనా పోతుంది.

డాక్టరమ్మ నిదానంగా విడమరిచి చెప్పింది. రక్తంలో దొరికిన పురుగు పేగుల్లో కాపురం ఉండేది. గొట్టం వెళ్ళినప్పుడు, కండ కత్తిరించినప్పుడు, అలాంటివి కొన్ని రక్తంలోకి జారడం ఉన్నదే. మామూలు మనిషిలో గంట తిరక్కుండా ఒళ్ళే వాటిని తుడిచేస్తుంది. అవి కూర్చోవాలంటే కూర్చోవడానికి పీట కావాలి. ముందే గరుకుబారిన వాల్వు కావాలి. ఇలా జరగడం చాలా చాలా అరుదు. ఆమె సర్వీసులో ఇది రెండోసారి.

"ఈయన వాల్వు నిన్నా మొన్నా పాడయింది కాదు సిస్టర్. ఎప్పటిదో మచ్చ. చిన్నప్పుడు కీళ్ళు వాచి, జ్వరంతో మంచాన పడ్డారా?"

"లేదండీ."

"మీరు అడిగారా?"

"పద్దెనిమిదేళ్ళ కాపురం డాక్టరు గారూ."

"అది జవాబు కాదు."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది సూటిగా తగిలింది. ఆ తర్వాత డాక్టరమ్మ పరీక్ష నాటి ఫైలు తెప్పించమంది. మందు ఎక్కుతోందనీ, సాయంత్రం ఆపరేషను డాక్టరుతో మాట్లాడతాననీ చెప్పింది. సిస్టర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

ఎండోస్కోపీ గదిలో ఆమెకు పెట్టిన పేరు ప్రశ్నల సిస్టర్. పరీక్షకి వచ్చే ప్రతి మనిషినీ ఫారంలోని పదకొండు ప్రశ్నలూ గొంతెత్తి అడుగుతుంది. జవాబు నోటితో చెప్పించుకుంటుంది. తల ఊపితే ఒప్పుకోదు. పదకొండూ అయ్యాక కింద ఎర్ర సిరాతో సంతకం చేస్తుంది. ఆ ఎర్ర సంతకం ఉంటే డాక్టర్లు ఇంక కాగితం తిరగేయరు. యముడే వచ్చి వాకిట్లో నిలబడినా, ఏ మందు పడదో చెప్తే గాని లోపలికి అడుగు పెట్టనివ్వదని కుర్ర నర్సులు నవ్వుకునేవారు. ఆమె వింటూనే ఉండేది. లోలోపల గర్వపడేది కూడా.

ఆ పదకొండులో ఏడోది గుండె ప్రశ్న. గుండె జబ్బు ఏదైనా ఉందా, చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చిందా.

మొగుడి ఫారం మాత్రం ఆమె ముందు రోజు సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని నింపింది. ఆయన గుమ్మంలో కూర్చుని మర్నాటికి బూట్లు తుడుచుకుంటున్నాడు. మొదటి ప్రశ్న మాత్రం పైకి చదివింది, ఏ మందైనా పడదా అని. "నీ వంట తప్ప అన్నీ పడతాయి సిస్టర్ గారూ," అన్నాడాయన తలెత్తకుండా. ఆమె నవ్వింది. నవ్వుతూనే మిగిలిన పదింటికీ లేదు, లేదు, లేదు అని వరసగా గీతలు కొట్టేసింది. పట్టుమని ఒక నిమిషం పట్టలేదు. కట్టుకున్నవాడిని అడిగేదేముంది? ఊళ్ళో ప్రతివాణ్ణీ అడిగే ప్రశ్న ఇంట్లో మనిషిని అడగలేదు. దీపం వెలుగు ఊరంతటికీ, చీకటి దాని కిందనే.

వరండా చివర బల్ల మీద ఆయన అక్క కూర్చుని ఉంది. బట్టలు కుట్టే మనిషి. తమ్ముడి కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. తల్లి పోయాక ఆ స్థానం ఆమెదే. చేతులు ఊరికే ఉంటే తోచదు కనుక ఆసుపత్రికి కూడా దుప్పటి ఒకటి తెచ్చుకుని అంచు మడిచి కుట్టుకుంటోంది.

సిస్టర్ ఆమె ముందు నిలబడింది. కూర్చోలేదు. నిలబడితేనే తనకి అడగడం వచ్చు.

"వదినా, ఒక్కటి అడుగుతాను. నోటితో జవాబు చెప్పండి."

"నీకు ప్రశ్నలు తప్ప మాటలు లేవా అమ్మాయ్. ముందు కూర్చో. డాక్టరమ్మ ఏమంది?"

"ఆయనకి చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చిందా?"

సూది ఆగిపోయింది. సగం బట్టలోకి దిగి, సగం పైన మెరుస్తూ అలాగే ఉండిపోయింది. సిస్టర్‌కి వేరే జవాబు అక్కర్లేకపోయింది. అబద్ధం చెప్పేవాళ్ళు ముందు చెయ్యి ఆపుతారని ఆమెకు ఎన్నో వందల మంది నేర్పారు.

వదిన దుప్పటి మడతపెట్టి, సూదిని జాగ్రత్తగా దాని అంచుకే గుచ్చి, పక్కన పెట్టింది. అప్పుడు మొదలుపెట్టింది.

వాడికి తొమ్మిదో ఏడు. ఒకరోజు బడి నుంచి కుంటుతూ వచ్చాడు. మర్నాటికి మోకాళ్ళు రెండూ ఉబ్బిపోయాయి. దుప్పటి తగిలినా కెవ్వుమనేవాడు. అమ్మ వాణ్ణి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిప్పేది. ఒక పరీక్షల కాలమంతా మంచం మీదే గడిచింది. ఎవరో డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, లోపల సవ్వడి ఉందన్నాడు. మూడు వారాలకొక సూది. పద్దెనిమిదో ఏడు వచ్చేదాకా. తీసుకెళ్ళేది అక్కే. సూది వేయించుకుని కుంటుతూ వస్తే, ఎవరైనా అడిగితే సైకిలు మీంచి పడ్డానని చెప్పమని అమ్మ నేర్పింది. అన్నేళ్ళలో వాడు ఎన్నిసార్లు సైకిలు మీంచి పడ్డాడో లెక్క చూస్తే, వీధిలో వాళ్ళకి వాడికి సైకిలు తొక్కడమే రాదని నమ్మకం కుదిరిపోయింది.

ఆ మాట దగ్గర వదిన పెదవుల మీదికి నవ్వు లాంటిది వచ్చి, నిలవలేక పోయింది.

ఇరవై రెండేళ్ళకి డ్రైవరు ఉద్యోగం. డిపోలో కూడా ఒక కాగితం ఇచ్చారు. అందులోనూ గుండె ప్రశ్న ఉంది. వాడు కలం పట్టుకుని ఆగాడు. అమ్మ అంది, గుండె కొట్టుకుంటోంది కదా, లేదని రాయి. పరీక్ష చేసిన డాక్టరు చొక్కా మీంచే గొట్టం ఆనించి, రెండు క్షణాలు విని, సంతకం పెట్టేశాడు. ఇరవై ఏళ్ళు గడిచాయి. వాడి చేతిలో బస్సు ఒక్కసారి గోడకి గీసుకున్నది లేదు.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తానన్నాడు. పెళ్ళికి ముందే చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఎందుకు?" అంది సిస్టర్.

"ఆ అమ్మాయి కాగితం మీద అబద్ధం బతకనివ్వదురా, అన్నాను. ఇవాళ నీకు జాలిపడుతుంది, రేపు నీ చెయ్యి పట్టుకుని డిపోకి తీసుకెళ్ళి నీ నోటితోనే చెప్పిస్తుంది, స్టీరింగు నీ చేతిలోంచి పోతుంది అన్నాను." వదిన తలెత్తి చూసింది. "చెప్పు. చెప్పించేదానివి కాదా?"

సిస్టర్ నిజాయితీగా ఆలోచించింది. చెప్పించేది. ఏడుస్తూనైనా చెప్పించేది.

"వాడికి నువ్వంటే భయం లేదమ్మాయ్. నీ కాగితాలంటే భయం."

ఎవరైనా చెంప మీద కొడితే మనిషి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. సిస్టర్ అంతే వేసింది. వెనక గోడ తగిలింది. చల్లగా ఉంది. ఆ చల్లదనానికే ఆనుకుని నిలబడింది.

తర్వాత ఎవరో అడిగినట్టుగా తన సంగతి తను చెప్పుకుంది. ముందు ఆయన్ని అడక్కుండా లేదు లేదని నింపిన ఫారం సంగతి, ఇప్పుడు డాక్టరమ్మ తెమ్మన్న ఫైలు సంగతి. మొదటి జ్వరం పరీక్షైన రెండు వారాలకి వచ్చింది. బస్సులో వందమంది ఎక్కి దిగుతారు, ఎవరి దగ్గరో అంటుకుని ఉంటుందిలే అనుకుంది. వరండాలో ఎదురైన డాక్టరుని పలకరించి, మా ఆయనకి జ్వరమండీ అంటే, ఆయన నడుస్తూ నడుస్తూనే చీటీ రాసిచ్చాడు. ఐదు రోజుల మాత్రలు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చీటీ. అలా మూడుసార్లు. ఒక్కసారైనా రక్తం తీయించలేదు. తీయించి ఉంటే పురుగు అప్పుడే దొరికేది. మాత్రలు దాన్ని చంపలేదు, నివురు కప్పాయి. బయటి మనిషి ఎవరైనా అయితే ఆమె ఊరుకునేది కాదు. వరస పెట్టి పరీక్షలు చేయించేది. సొంత మనిషి కదా అని వరండాలో వైద్యం చేయించింది.

ఇంకొకటి కూడా ఉంది. రెండు వారాల క్రితం ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నప్పుడు గోళ్ళ కింద సన్నని ఎర్రటి గీతలు కనిపించాయి, పుల్లలు గుచ్చుకున్నట్టు. బస్సు గ్రీజు అనుకుంది. సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. పోకపోతే ఇంకా గట్టిగా రుద్దింది. ఆయన నవ్వుతూ, తోలు ఊడిపోతుందే, అన్నాడు. ఆ గీతలు గుండెకి పురుగు పట్టిన గుర్తని నర్సుల బడిలో మొదటి ఏడాదే చెప్తారు. ఆమె ఆ పాఠం చదివింది. ఆ ప్రశ్నకి మార్కులు కూడా తెచ్చుకుంది.

వదిన ఆమె చెయ్యి అందుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"ముందే తెలిస్తే ఆ పరీక్ష చేసేవాళ్ళు కారా?" అని అడిగింది వదిన.

చేసేవాళ్ళేనని సిస్టర్ చెప్పింది. ఆ కండ తీయవలసిందే. ఆ మాటే డాక్టరమ్మ కూడా అంది. కానీ ఏడో ప్రశ్నకి ఉంది అని రాసి ఉంటే, మొదటి జ్వరానికే అందరూ గుండె వైపు చూసేవారు. పోయింది పరీక్ష వల్ల కాదు. ఐదు వారాలు పోయాయి. ఆ పేలిక ఐదు వారాలు పెరిగింది.

వదిన గొంతు తగ్గించింది. అటూ ఇటూ చూసింది. "ఫైలు తెచ్చేది నువ్వేగా. కాగితం నీ చేతికే వస్తుందిగా. లేదు అన్నచోట తెలియదు అని దిద్దెయ్యి. రేపు నీ ఉద్యోగం కూడా పోతే వాణ్ణి ఎవరు చూస్తారు?"

సిస్టర్ జేబులో ఎర్ర కలం ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆమె చెయ్యి తెలియకుండానే అక్కడికి వెళ్ళింది. వెళ్ళి, ఆగింది.

"దిద్దితే ఆయన గుండె కుదురుతుందా వదినా?" అంది. లేచి మెట్లు దిగింది.

రికార్డు గది నేలమాళిగలో ఉంటుంది. ఆ గది గుమాస్తా ముప్ఫై ఏళ్ళుగా ఇనప బీరువాల మధ్య కూర్చుని కూర్చుని చివరికి తనే బీరువా గారు అయిపోయాడు. ఆసుపత్రిలో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. మనిషిని చూడగానే వ్యాధి కాకుండా ఫైలు నంబరు చెప్పగలడని పేరు. సిస్టర్ మొహం చూసి ఆయన ఎప్పుడూ వేసే జోకు వేయలేదు. నంబరు కూడా అడగలేదు. లేచి వెళ్ళి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టి, పుస్తకంలో సంతకం పెట్టమన్నాడు. తర్వాత తన కుర్చీ ఆమెకి జరిపి, తను పక్కకి వెళ్ళి కట్టలు సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

అట్ట తెరవగానే పైనే ఉంది. తన ఫారం. పదకొండు గీతలు. పదకొండు లేదులు. కింద ఎర్ర సంతకం, వంటింటి బల్ల మీద కులాసాగా పెట్టినది కనుక చివరి అక్షరం తోక కొంచెం పొడవు సాగింది.

ఆ ఫారం కాస్త మందంగా తగిలింది. ఒక కాగితం మందం కాదది. వెనక ఇంకొకటి ఉంది. రెండింటినీ కలిపి పైమూల పిన్ను గుచ్చారు. పిన్ను ఎవరూ తీసినట్టు లేదు. గుచ్చిన రంధ్రం ఒకటే.

గోరుతో పిన్ను లాగింది.

వెనకది అదే ఫారం. అచ్చు అవే పదకొండు ప్రశ్నలు. పరీక్ష రోజు తారీఖు. పరీక్షకి వచ్చినవాళ్ళందరికీ ముందు గదిలో రిసెప్షను అమ్మాయి ఖాళీ ఫారం, కలం చేతికిస్తుంది. ఆయన సిస్టర్ భర్త అనీ, ఆయన ఫారం ముందే నిండి వచ్చిందనీ ఆ అమ్మాయికి తెలియదు. అందరికీ ఇచ్చినట్టే ఇచ్చింది. అందరూ నింపినట్టే ఆయనా నింపాడు. అది వచ్చి ఫైల్లో చేరితే, ఎర్ర సంతకం ఉన్నది పైన పెట్టి, లేనిది వెనక పెట్టి పిన్ను గుచ్చారు. ఆ గదిలో అదే పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది ఎవరో కాదు. తనే.

ఆయన అక్షరాలు కొంచెం ముందుకు ఒరిగి ఉంటాయి, మలుపు తిరుగుతున్న బస్సులో నిలబడ్డవాళ్ళలాగ. ఆరు వరకూ లేదు అని ఉంది. ఏడో ప్రశ్న దగ్గర 'లేదు' లేదు.

'ఉంది. తొమ్మిదో ఏట కీళ్ళజ్వరం. గుండెలో సవ్వడి అన్నారు. పద్దెనిమిదో ఏటి దాకా సూదులు వేశారు.'

ఇరవై ఏళ్ళు దాచినదాన్ని ఆయన ఆ రోజు ముందు గదిలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి ఇచ్చిన కలంతో రాసేశాడు. ఎలా రాశాడో, ఎంతసేపు పట్టిందో. ఆ సమయానికి తను గోడకి ఇవతల గొట్టం కడుగుతూ ఉంది. ఆయన చెప్పాడు. కాగితం మీదే చెప్పాడు. ఆ చెప్పినదాని మీద తన ఎర్ర సంతకం అడ్డం పడుకుంది. పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఐదు వారాలు వెతికారు. జవాబు ఇక్కడ, పిన్ను వెనక, చల్లగా కూర్చుని ఉంది.

కాగితం అడుగున, సంతకం పెట్టే చోటికి పైన, ఇంకా రెండు వరసలు ఉన్నాయి. అక్షరాలు చిన్నవి. కిక్కిరిసి ఉన్నాయి. ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

'మా ఆవిడ ఇక్కడే సిస్టర్. ఏడోది ఆవిడకి తెలియదు. దయచేసి మీరు చెప్పకండి.'

ఇంకొక వరస ఉంది. చదవబోతుంటే బల్ల మీద ఫోను మోగింది. బీరువా గారు వచ్చి ఎత్తి, రెండు మాటలు విని, రిసీవరు ఆమె వైపు చాపాడు. గుండె వార్డు, అన్నాడు మెల్లగా.

అవతల వార్డు నర్సు. ఊపిరి ఆడనట్టు మాట్లాడుతోంది. నీళ్ళు తాగుతూ ఉండగా ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోయిందట. తీసి మళ్ళీ చేతిలో పెడితే వేళ్ళు ముడుచుకోలేదట.

"ఏ చెయ్యి?" అని అడిగింది సిస్టర్. ఆ గొంతు ఆమెకే పరాయిదిగా వినిపించింది. పదకొండు ప్రశ్నలు అడిగే గొంతు అది.

"కుడి చెయ్యి సిస్టర్."

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే. ఐదు నిమిషాలు. డాక్టరమ్మ పక్కనే ఉన్నారు, తలకి స్కానింగు అంటున్నారు. మిమ్మల్ని వెంటనే రమ్మన్నారు."

"మూతి?"

"ఒక పక్కకి లాగుతోంది."

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. దాని జవాబు ఆమెకు తెలుసు. కుడి చెయ్యి పోతే దానితో పాటు తరచుగా ఏది పోతుందో నర్సుల బడిలో అది కూడా చెప్తారు. అయినా అడిగింది. తెలిసినదే కదా అని అడగడం మానుకున్నందుకే ఇక్కడిదాకా వచ్చింది.

"మాట?"

అవతల మంచం చక్రాలు కదిలిన చప్పుడు, ఎవరో తలుపు పట్టుకోమంటున్న చప్పుడు. వదిన గొంతు కూడా, తమ్ముణ్ణి చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తూ.

"తలుపు వైపే చూస్తున్నారు సిస్టర్. మీ కోసమే అనుకుంటా. నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు. ఏదో చెప్పాలని మహా ప్రయత్నం చేస్తున్నారు. మాట రావడం లేదు."

సిస్టర్ రిసీవరు పెట్టేసింది. బీరువా గారు అప్పటికే తలుపు తీసి పట్టుకున్నాడు. కాగితం మడవబోతే, ఇందాక చదవకుండా ఆగిపోయిన ఆఖరి వరస కళ్ళపడింది. మూడే మాటలు.

'ఆవిడకి నేనే చెప్తాను.'